తెర మారిందా? కంగారు పడకండి!

(కంప్యూటర్ డెస్క్‌టాప్‌ను ఎంచుకోవడం, మార్చుకోవడం గురించి నాలుగు మాటలు)

— ఒక పూర్వ విద్యార్థి



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు కవిత రాయనా, జ్ఞాపకాలు రాయనా అని ఆలోచించాను. కవితలు రాసేవాళ్లు మీలోనే చాలామంది ఉన్నారు. జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పగల సీనియర్లు ఉన్నారు. నాకు తెలిసింది కంప్యూటర్ల పని. కాబట్టి అందులోంచే మీకు ఉపయోగపడే ఒక విషయం రాస్తున్నాను. ముందుగా నేను ఓడిపోయిన కథ ఒకటి చెబుతాను.

2008లో డిగ్రీ పూర్తి చేశాను. ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్ ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. పరీక్ష చాలా సులువైనది. తెర మీద ఉన్న నమూనా ఉత్తరం చూసి అలాంటిదే టైపు చేసి, వాళ్లు చెప్పిన పేరుతో సేవ్ చేసి, ప్రింటు తీసి ఇవ్వాలి. సమయం పదిహేను నిమిషాలు. అప్పటికి ఆరు నెలలు కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లి నేర్చుకున్నాను కాబట్టి ధైర్యంగానే వెళ్లాను.

కుర్చీలో కూర్చుని తెర చూడగానే గుండె జారిపోయింది. నేను నేర్చుకున్నది విండోస్ ఎక్స్‌పీ. అక్కడున్నది లినక్స్. నాకు తెలిసిన పచ్చరంగు స్టార్ట్ బటన్ కింద ఎడమ మూలన ఉండాలి. అక్కడ అది లేదు, ఏదో చిన్న బొమ్మ ఉంది. ఇదే స్టార్ట్ అయి ఉంటుందని నొక్కాను. అంతే, తెర మీద ఉన్న నమూనా ఉత్తరం మాయమైపోయింది! ఏదో చెడగొట్టానని భయం వేసి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాను. అడుగుదామంటే సిగ్గు. పక్కవాళ్ల కీబోర్డుల చప్పుడు వింటూ అలాగే కూర్చున్నాను. సమయం అయిపోయింది. నా కాగితం మీద ఒక్క అక్షరం లేదు.

చాలా రోజుల తర్వాత అసలు సంగతి తెలిసింది. ఆ తెర పేరు గ్నోమ్ 2. అందులో ‘అప్లికేషన్స్’ అనే మెనూ పైన ఎడమ మూలన ఉంటుంది. కింద ఎడమ మూలన ఉండేది ‘షో డెస్క్‌టాప్’ బటన్. దాన్ని నొక్కితే తెరిచి ఉన్న విండోలన్నీ పక్కకు తప్పుకుంటాయి. మళ్లీ ఒకసారి నొక్కితే అన్నీ తిరిగి వస్తాయి. ఇంకొక్క నొక్కు నొక్కి ఉంటే నా ఉత్తరం నాకు కనిపించేది!

నాకు టైపింగ్ వచ్చు, సేవ్ చెయ్యడం వచ్చు, ప్రింటు తియ్యడం వచ్చు. కానీ నేను నేర్చుకున్నది పనిని కాదు, బటన్ ఉండే చోటును. చోటు మారగానే నా చదువంతా ఆగిపోయింది. మీకు అలా జరగకూడదనే ఈ వ్యాసం.

డెస్క్‌టాప్ అంటే ఏమిటి?

కంప్యూటర్ ఆన్ చేశాక మనకు కనిపించే తెరే కంప్యూటర్ అనుకుంటాం. నిజానికి అది పైపొర మాత్రమే. అడుగున యంత్రం ఉంటుంది. దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. ఫైళ్లను డిస్కులో దాచడం, ప్రింటర్‌తో మాట్లాడటం, ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలో చూడటం దాని పని. ఆ పైన డెస్క్‌టాప్ ఉంటుంది. మెనూ, కింద గానీ పైన గానీ కనిపించే పట్టీ, విండోల అంచులు, వాటిని మూసే గుర్తులు, ఫైళ్లు చూపించే ప్రోగ్రాము, సెట్టింగులు, ఇవన్నీ కలిస్తే డెస్క్‌టాప్.

మీ ఇళ్లల్లో రకరకాల కంపెనీల ఫోన్లు ఉంటాయి. అన్నీ ఆండ్రాయిడే. అయినా ఒకదానిలో ఉన్నచోట ఇంకొకదానిలో సెట్టింగులు ఉండవు. అమ్మ ఫోనులో టార్చి ఒకచోట ఉంటే మామయ్య ఫోనులో ఇంకోచోట ఉంటుంది. ఫోను మాట్లాడే పద్ధతి మారిందా? లేదు. పైపొర మారింది. కంప్యూటర్‌లోనూ అంతే.

విండోస్‌లో ఈ పైపొరను మైక్రోసాఫ్ట్ కంపెనీయే తయారుచేసి ఇస్తుంది. రంగులు, పట్టీ వంటివి కొంతవరకు మార్చుకోవచ్చు గానీ పైపొర మొత్తాన్ని తీసి ఇంకొకటి పెట్టుకునే ఏర్పాటు మామూలుగా ఉండదు. లినక్స్‌లో మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ వేరు, డెస్క్‌టాప్ వేరు. ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు డెస్క్‌టాప్‌లు పెట్టుకుని, ఈరోజు ఒకటి, రేపు ఒకటి వాడుకోవచ్చు.

ఈ తెర ఎక్కడి నుంచి వచ్చింది?

మొదట్లో కంప్యూటర్‌కు బొమ్మలు, మౌస్ లేవు. నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చెయ్యాల్సిందే. అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో 1973లో ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. దానికి బొమ్మలు చూపించే తెర, మౌస్ ఉన్నాయి. అదే కంపెనీ 1981లో స్టార్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఆఫీసు బల్ల మీద కాగితాలు, ఫైళ్లు ఉన్నట్టే తెర మీద కూడా వాటి బొమ్మలు పెట్టారు. డెస్క్‌టాప్ అంటే బల్ల పైభాగం అనే అర్థం. 1984లో ఆపిల్ వారి మెకింతోష్, 1985లో విండోస్ మొదటి రూపం వచ్చాయి. మనందరికీ తెలిసిన స్టార్ట్ బటన్ 1995లో విండోస్ 95తో వచ్చింది.

యూనిక్స్ కంప్యూటర్ల కోసం అమెరికాలోని ఎంఐటీ అనే విద్యాసంస్థలో 1984లో ఎక్స్ విండో సిస్టమ్ మొదలైంది. తెర మీద విండో గీసే పని ఎక్స్‌ది. ఆ విండోకు అంచు ఎలా ఉండాలి, మెనూ ఎక్కడ ఉండాలి అన్నది వేరే ప్రోగ్రాముల పని. పనిని ఇలా రెండుగా విడగొట్టడం వల్లే తర్వాత లినక్స్‌లో ఇన్ని రకాల డెస్క్‌టాప్‌లు సాధ్యమయ్యాయి. ఇప్పుడు ఎక్స్ స్థానంలోకి వేలాండ్ అనే కొత్త పద్ధతి వస్తోంది. కొన్ని కంప్యూటర్లలో లాగిన్ తెర దగ్గర ఈ పేర్లు కనిపిస్తే అర్థం అదే.

1996లో జర్మనీకి చెందిన మథియాస్ ఎట్రిచ్ అనే విద్యార్థి, లినక్స్ వాడే మామూలు మనుషులకు ఒక పద్ధతిగా ఉండే తెర కావాలని కేడీఈ అనే పనిని మొదలుపెట్టాడు. ఒక విద్యార్థి! ఈ మాట గుర్తుపెట్టుకోండి. అయితే కేడీఈ కోసం వాడిన క్యూటీ అనే సాఫ్ట్‌వేర్‌కు అప్పట్లో పూర్తి స్వేచ్ఛ ఇచ్చే లైసెన్సు లేదు. అది నచ్చని మెక్సికో యువకులు మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా 1997లో గ్నోమ్‌ను ప్రారంభించారు. తర్వాత 2000లో క్యూటీకి కూడా స్వేచ్ఛా లైసెన్సు వచ్చింది. తగువు తీరిపోయింది గానీ రెండు డెస్క్‌టాప్‌లూ నిలిచిపోయాయి. నేటికీ ఆ రెండే పెద్దవి.

తెర మారితే పెద్దవాళ్లూ తడబడ్డారు

తెర మారితే తడబడింది నేనొక్కడినే కాదని తర్వాత తెలిసి కొంచెం ఊరట కలిగింది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. పాత మెనూ తీసేశారు, కింద పట్టీ తీసేశారు, విండోను కిందకు దించే గుర్తు కూడా తీసేశారు. చాలామందికి కోపం వచ్చింది. లినక్స్‌కు మూలపురుషుడైన లైనస్ టోర్వాల్డ్స్ కూడా అది తనకు నచ్చలేదని బహిరంగంగానే చెప్పి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే వేరే డెస్క్‌టాప్‌కు మారిపోయారు. రెండేళ్లకు మళ్లీ గ్నోమ్‌కే వచ్చారు. అంతటివాడే మారి, మళ్లీ వెనక్కి వచ్చాడంటే మారడంలో తప్పేముంది?

కోపం వచ్చిన మరికొందరు ఇంకో పని చేశారు. పాత గ్నోమ్ 2 మూలప్రోగ్రాము అందరికీ అందుబాటులో ఉంది గనుక అర్జెంటీనాకు చెందిన ఒక యువకుడు దాన్ని తీసుకుని మాటే అనే పేరుతో కొనసాగించాడు. లినక్స్ మింట్ బృందం గ్నోమ్ 3 లోపలి భాగాన్ని తీసుకుని, పైన పాత పద్ధతి మెనూ పెట్టి సినమన్ తయారుచేసింది. మింట్ అంటే పుదీనా, సినమన్ అంటే దాల్చినచెక్క. పేర్లు కూడా వంటింట్లోవే.

విండోస్‌లోనూ ఇదే జరిగింది. 2012లో వచ్చిన విండోస్ 8లో స్టార్ట్ బటన్ కనిపించలేదు. ఏళ్ల తరబడి ఆఫీసుల్లో పనిచేసిన ఉద్యోగులు కూడా వెతుక్కున్నారు. 2013లో విండోస్ 8.1తో బటన్ తిరిగి వచ్చింది, 2015లో విండోస్ 10తో మెనూ కూడా వచ్చింది. తేడా ఒక్కటే. అక్కడ కంపెనీ మనసు మార్చుకునేదాకా ఆగాలి. ఇక్కడ నచ్చనివాళ్లు తమకు కావలసింది తామే నిలబెట్టుకోవచ్చు.

ముఖ్యమైన డెస్క్‌టాప్‌లు

1. గ్నోమ్: ఉబుంటు, ఫెడోరాలలో ముందుగా వచ్చేది ఇదే. తెర ఖాళీగా, శుభ్రంగా ఉంటుంది. కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న కీ నొక్కితే తెరిచిన విండోలన్నీ కనిపిస్తాయి, కావలసిన ప్రోగ్రాము పేరు టైపు చేస్తే వస్తుంది. అలవాటైతే వేగం. మెమరీ ఎక్కువ అడుగుతుంది.

2. కేడీఈ ప్లాస్మా: చూడటానికి విండోస్‌కు దగ్గర. మార్చుకోలేనిది దాదాపు ఏదీ ఉండదు. అదే దాని బలం, అదే కొత్తవాళ్లకు చిక్కు. ఆరో రూపం 2024 ఫిబ్రవరిలో వచ్చింది.

3. సినమన్: కింద పట్టీ, ఎడమ మూలన మెనూ. విండోస్ 7 లేదా 10 వాడినవాళ్లు అయిదు నిమిషాల్లో అలవాటు పడతారు.

4. మాటే: నన్ను ఓడించిన గ్నోమ్ 2కి వారసుడు. తేలిక, నిలకడ.

5. ఎక్స్‌ఎఫ్‌సీఈ: ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియర్ ఫూర్దాన్ మొదలుపెట్టింది. పాత కంప్యూటర్లకు మంచి తోడు. ఆర్భాటం ఉండదు, ఏళ్లు గడిచినా పెద్దగా మారదు.

6. ఎల్‌ఎక్స్‌క్యూటీ: ఇంకా తేలికైనది. లుబుంటులో ఉంటుంది.

మన హాస్టల్‌లో ఏం జరిగింది?

ఇక మీ అందరికీ తెలిసిన కథ. ఒక ఆఫీసువాళ్లు వాడి పక్కన పెట్టిన నాలుగు కంప్యూటర్లు మన హాస్టల్‌కు ఇచ్చారు. అన్నీ విండోస్ 10వి. ఆ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే దానికి కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. మనవాటికి అవి లేవు. పైగా ఆన్ చేస్తే తెర రావడానికే అయిదారు నిమిషాలు. దాంతో స్టోర్ రూములో బియ్యం బస్తాల పక్కన గుడ్డ కప్పి పెట్టేశారు. పదో తరగతి పిల్లలు పాలిసెట్ దరఖాస్తుకు నెట్ సెంటర్ దాకా నడిచివెళ్లి డబ్బులు కట్టి వస్తున్నారని వార్డెన్ గారు చెప్పినప్పుడు మనసు ఒప్పుకోలేదు. రెండు ఆదివారాలు వచ్చి కూర్చున్నాను.

4 జీబీ ర్యామ్ ఉన్న రెండింటిలో లినక్స్ మింట్ సినమన్ వేశాను. 2 జీబీ ఉన్న మూడో దానిలో కూడా ముందు సినమన్నే వేశాను, అన్నీ ఒకేలా ఉంటే మీకు సులువని. అది నా పొరపాటు. మెనూ తెరుచుకోవడానికే ఆలస్యం, బ్రౌజర్ తెరిస్తే నిలబడిపోయింది. తర్వాత ఎక్స్‌ఎఫ్‌సీఈకి మార్చాను. అదే కంప్యూటర్, అదే లినక్స్, పైపొర ఒక్కటే మారింది. ఇప్పుడు మీరు దాని మీద దరఖాస్తులు నింపుతున్నారు. నాలుగోది 1 జీబీ ర్యామ్‌తో మరీ పాతది. దానిలో ఎల్‌ఎక్స్‌క్యూటీ పెట్టి టైపింగ్ సాధనకు మాత్రమే ఉంచాం.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. డెస్క్‌టాప్ మార్చడం మంత్రం కాదు. తేలికైన డెస్క్‌టాప్ తన వంతు మెమరీ తక్కువ తీసుకుంటుంది, అంతే. బ్రౌజర్ తినేది మాత్రం ఏ డెస్క్‌టాప్‌లోనైనా తింటుంది. ఆరు ట్యాబులు తెరిస్తే 2 జీబీ యంత్రం మళ్లీ మొరాయిస్తుంది. చేతిలో కొంచెం డబ్బు ఉంటే ఇంకో 2 జీబీ ర్యామ్ గానీ, పాత హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ గానీ వేయిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ర్యామ్ ఎంత? 2 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా ఎల్‌ఎక్స్‌క్యూటీ. 4 జీబీ అయితే మాటే, సినమన్ కూడా నడుస్తాయి. 8 జీబీ ఉంటే ఏదైనా సరే, మీ ఇష్టం.

రెండో ప్రశ్న: ఎవరు వాడతారు? ఒక్కరే వాడేదైతే తమకు నచ్చింది పెట్టుకోవచ్చు. పదిమంది వాడేదైతే అందరికీ త్వరగా అర్థమయ్యేది పెట్టాలి.

మూడో ప్రశ్న: ఏ పనికి? దరఖాస్తులు, టైపింగ్, ప్రాజెక్టు పనులు, పాఠాల వీడియోలు అయితే లినక్స్‌లో ఏ డెస్క్‌టాప్ అయినా చాలు. కానీ డీటీపీ షాపులో పనిచెయ్యాలనుకునేవాళ్లు గమనించాలి. అక్కడ అను ఫాంట్లతో నడిచే పాత తెలుగు సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది. వాళ్లు విండోస్ కూడా నేర్చుకోవాలి. ఇది మంచిది, అది చెడ్డది అని నేను అనడం లేదు. రెండూ వచ్చినవాడికి రెండు దారులు ఉంటాయి.

మార్చుకునే పద్ధతి

ఇంకా ఇన్‌స్టాల్ చెయ్యకముందే చూడాలంటే పెన్ డ్రైవ్ పద్ధతి ఉంది. లినక్స్ మింట్ వాళ్లు సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ మూడింటినీ వేర్వేరుగా ఇస్తారు. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేస్తే హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే తెర ఎలా ఉందో చూడవచ్చు. పెన్ డ్రైవ్ వేగం తక్కువ కాబట్టి కొంచెం నిదానంగా నడుస్తుంది, దాన్ని బట్టి అంచనా వెయ్యకండి.

ఇప్పటికే లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో ఇంకో డెస్క్‌టాప్ చేర్చాలంటే ఇలా చెయ్యాలి.

1. ముందుగా ముఖ్యమైన ఫైళ్లను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డెస్క్‌టాప్ మారినా మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు. అయినా జాగ్రత్త మంచిది.

2. సినాప్టిక్ అనే ప్యాకేజీ మేనేజర్‌ తెరిచి కావలసిన డెస్క్‌టాప్ పేరు వెతకండి. మింట్‌లో ‘మింట్-మెటా-ఎక్స్‌ఎఫ్‌సీఈ’, ఉబుంటులో ‘జుబుంటు-డెస్క్‌టాప్’ వంటి పేర్లతో మొత్తం ఒకే ప్యాకేజీగా దొరుకుతుంది. కొన్ని వందల ఎంబీల దాకా డౌన్‌లోడ్ అవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో చేస్తే ఆ రోజు డేటా అయిపోతుందని ముందే తెలుసుకోండి.

3. మధ్యలో లాగిన్ తెర ఏది కావాలని ఒక ప్రశ్న రావచ్చు. తెలియకపోతే ఇప్పుడు ఉన్నదాన్నే ఉంచండి.

4. చేస్తున్న పని సేవ్ చేసి లాగ్ ఔట్ అవ్వండి. కంప్యూటర్ ఆపనక్కర్లేదు.

5. లాగిన్ తెర దగ్గర చిన్న గుర్తు కోసం చూడండి. ఉబుంటులో మీ పేరు నొక్కాక కింద కుడి మూలన పళ్లచక్రం బొమ్మ వస్తుంది. మింట్‌లో పేరు పక్కనే గుండ్రటి చిన్న గుర్తు ఉంటుంది. కేడీఈలో సాధారణంగా కింద ఎడమ మూలన ఉంటుంది. దాన్ని నొక్కి డెస్క్‌టాప్ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి.

అంతే! కొత్త తెర వస్తుంది. నచ్చకపోతే మళ్లీ లాగ్ ఔట్ అయి, అదే గుర్తు నొక్కి పాతది ఎంచుకోండి. మీరు చివరిసారి ఎంచుకున్నదాన్ని కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది.

కొన్ని జాగ్రత్తలు

రెండు డెస్క్‌టాప్‌లు ఉంటే మెనూలో ఒకే పనికి రెండేసి ప్రోగ్రాములు కనిపిస్తాయి. ఫైళ్లు చూపేవి రెండు, టెర్మినళ్లు రెండు. కంగారు పడకండి, ఏది వాడినా ఫైళ్లు అవే. ఒక్కోసారి ఒకదాని రంగులు, గుర్తుల సెట్టింగులు ఇంకోదానిలోకి కలుస్తాయి. ఎందుకంటే ఆ సెట్టింగులు మీ హోమ్ ఫోల్డర్‌లోనే, పేరు ముందు చుక్క ఉన్న కనిపించని ఫోల్డర్లలో ఉంటాయి. అందుకే పరీక్షించి చూడటానికి వేరే యూజర్ పేరు ఒకటి పెట్టుకుని దానిలో చూడటం మేలు.

కొత్తది బాగుందని పాతదాన్ని ఆ రోజే తీసెయ్యకండి. ఒక నెల చూడండి. తీసేటప్పుడు దానితోపాటు ఏమేం పోతున్నాయో జాబితా చూపిస్తుంది. ఆ జాబితా చదవకుండా ‘సరే’ నొక్కితే కావలసినవి కూడా పోతాయి. ఎప్పుడైనా తెర రాకుండా నల్లగా నిలిచిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలు కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి తెలిసినవాళ్ల సాయంతో సరిచేసుకోవచ్చు. ఎలాగైనా అవదనుకుంటే ఫైళ్లు హార్డ్ డిస్కులోనే ఉంటాయి, పెన్ డ్రైవ్ లినక్స్‌తో వాటిని తీసుకోవచ్చు.

మన హాస్టల్‌లో ఇంకో తగువు వచ్చింది. ఒక తమ్ముడు పట్టీని కింద నుంచి పైకి మార్చాడు. తర్వాత కూర్చున్నవాడు ‘అన్నా, కంప్యూటర్ చెడిపోయింది’ అని నాకు ఫోన్ చేశాడు. అందుకే తరగతికొక యూజర్ పేరు పెట్టాం. ఒక తరగతి మార్చింది ఇంకో తరగతికి కనిపించదు. ఒకరికి సినమన్, ఒకరికి ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎవరిది వాళ్లకే. ట్రంకుపెట్టె ఎవరు ఎలా సర్దుకున్నా గది ఒక్కటే అయినట్టు.

తెలుగులో తెర

మెనూలు ఇంగ్లీషులో ఉండటమే భయానికి సగం కారణం. గ్నోమ్, కేడీఈ రెండింటికీ తెలుగు అనువాదాలు ఉన్నాయి. స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లు ఒక్కో మాటా తెలుగులో పెట్టారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు తెరతో లినక్స్‌ను రూపొందించింది. సీ-డాక్ వారు 2007లో బాస్ లినక్స్‌ను భారతీయ భాషలతో విడుదల చేశారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అనువాదం అన్నిచోట్లా పూర్తి కాలేదు, మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు కనిపిస్తాయి. మీలో ఇంగ్లీషు, తెలుగు రెండూ బాగా వచ్చినవాళ్లు రేపు ఆ మిగిలిన మాటలు పూర్తి చెయ్యవచ్చు. దానికి ఎవరి అనుమతీ, ఏ డిగ్రీ అక్కర్లేదు.

నా సలహా ఏమిటంటే వారం రోజులు తెలుగు తెరతో పని నేర్చుకోండి. తర్వాత వారం అదే పనిని ఇంగ్లీషు తెరతో చెయ్యండి. పని ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీషు మాట దానంతట అదే గుర్తుండిపోతుంది.

ఏ తెర వచ్చినా ఈ అయిదు వెతకండి

కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు బటన్ ఎక్కడుందని అడగకండి. నాకు ఏ పని కావాలి అని అడగండి. అయిదు పనులు దొరికితే ఆ తెర మీ చేతిలోకి వచ్చినట్టే.

1. ప్రోగ్రాము ఎక్కడ తెరవాలి? నాలుగు మూలలూ చూడండి. లేదా విండోస్ గుర్తు కీ నొక్కండి, చాలావాటిలో మెనూ వస్తుంది. వచ్చాక పేరు టైపు చేస్తే చాలు.

2. తెరిచిన విండోలు ఎక్కడున్నాయి? ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కండి. మాయమైనవన్నీ కనిపిస్తాయి. ఆ రోజు నాకు ఇది ఒక్కటి తెలిసి ఉంటే చాలు!

3. ఫైళ్లు ఎక్కడున్నాయి? ఫోల్డర్ బొమ్మ కోసం చూడండి. అందులో ‘హోమ్’, ‘డాక్యుమెంట్స్’ ఉంటాయి.

4. సేవ్, కాపీ, ప్రింటు ఎలా? కంట్రోల్‌తో ఎస్ సేవ్, సీ కాపీ, వీ అతికించడం, జెడ్ వెనక్కి తీసుకోవడం, పీ ప్రింటు. ఇవి విండోస్‌లోనూ, లినక్స్‌లో ఏ డెస్క్‌టాప్‌లోనూ దాదాపు ఒకేలా పనిచేస్తాయి.

5. బయటకు ఎలా వెళ్లాలి? పవర్ గుర్తు సాధారణంగా మెనూలో గానీ, పైన కుడి మూలన గానీ ఉంటుంది.

బస్సు నడిపే డ్రైవరు కొత్త మోడల్ బస్సు ఎక్కినా ముందు బ్రేకు, క్లచ్, గేరు చూసుకుంటాడు. హారన్ బటన్ వేరేచోట ఉందని దిగిపోడు. మనం కూడా అంతే.

చివరి మాట

మన హాస్టల్ నుంచి వెళ్లే పిల్లలకు ఇంట్లో కంప్యూటర్ ఉండదు. వారానికి గంటో, రెండు గంటలో ఉన్న ఒక్క యంత్రం మీద నేర్చుకుంటాం. అందుకే ఆ యంత్రం ఎలా ఉంటే అదే కంప్యూటర్ అనుకుంటాం. ఇంట్లో రకరకాల యంత్రాలు చూసి పెరిగిన పిల్లవాడు కొత్త తెర చూస్తే నాలుగుచోట్ల నొక్కి చూస్తాడు. మనం చెయ్యి వెనక్కి తీసుకుంటాం. తెలివిలో తేడా లేదు. నొక్కితే ఏమవుతుందో చూసే ధైర్యంలో తేడా ఉంది. ఆ ధైర్యం అలవాటు వల్ల వస్తుంది.

కాబట్టి మన నాలుగు కంప్యూటర్లలో మూడు రకాల తెరలు ఉండటం లోటు కాదు. అది మీకు దొరికిన అవకాశం. ప్రతి ఆదివారం ఒకే ఉత్తరాన్ని ఒక్కో కంప్యూటర్ మీద టైపు చేసి, సేవ్ చేసి చూడండి. సమయం పదిహేను నిమిషాలు పెట్టుకోండి. మొదటివారం ఒకదాని మీద తడబడతారు. నెల తిరిగేసరికి తెర వంక చూడటం మాని ఉత్తరం వంక చూస్తారు.

నాకు ఆ ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత ఏడాది పాటు దొరికిన ప్రతి తెరనూ నొక్కి చూసి నేర్చుకున్నాను, ఈరోజు అదే నాకు అన్నం పెడుతోంది. మీకు అంత ఆలస్యం అక్కర్లేదు. ఏదైనా నొక్కి విండోలు మాయమైతే భయపడకండి. ఇంకోసారి నొక్కండి.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.